తడి ఆరేదాకా

గంట పడుతుందట. ఫోన్లో అలారం పెట్టి మరీ చెప్పాడు అల్లుడు, ఆరాక చూసి ఒక్క మాట చెప్పండి మామయ్యగారూ, తొందరేమీ లేదు అని. ముప్పై నాలుగేళ్లు రంగుల కంపెనీ ల్యాబులో కూర్చుని ఏ రంగు ఎంతసేపట్లో ఆరుతుందో, ఆరాక ఎంత ముదురుతుందో చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి నేను. నాకు చెబుతున్నాడు, లిఫ్టుల కంపెనీలో ఫోను ముందు కూర్చుని ఏ లిఫ్టు ఏ అంతస్తులో ఇరుక్కుందో రాసుకునేవాడు. సరే బాబూ అన్నాను. నవ్వాను కూడా. తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లాడు, గట్టిగా వేస్తే గోడకి నిద్ర చెడుతుందేమో అన్నట్టు. ఇప్పుడీ ఖాళీ గదిలో నేను, ఒక ప్లాస్టిక్ కుర్చీ, విప్పని అట్టపెట్టెలో పసిపిల్లల మంచం, నేల మీద పాత పేపర్లు, ఎదురుగా గోడ మీద పక్కపక్కనే ఐదు చదరాలు, ఒక్కోటి టీ ట్రే అంత. ఇంకో నెలలో పుట్టబోయే పసిగుడ్డుకి ఈ ఐదింట్లో ఏది కావాలో నేను తేల్చాలి. కన్నుగారు చెప్పేస్తే ఇక తిరుగుండదు అంది మా అమ్మాయి. ల్యాబులో నన్ను కన్ను అనేవాళ్లు. కన్నుగారు చూశారా, కన్నుగారు ఒప్పుకున్నారా అని. చిన్నప్పుడెప్పుడో అది విని, అప్పటినుంచీ ఇంట్లో అదే వేళాకోళం.

ఐదింటినీ ఒకదానికొకటి అంటించేశాడు మహానుభావుడు పెయింటరు. మధ్యలో వేలెడు సందు వదలాలని ఎవరూ చెప్పలేదు కాబోలు. పక్క రంగు తగిలితే ఏ రంగయినా మారి కనిపిస్తుందని, కింద తెల్లపూత వేయకుండా పాత మీగడరంగు గోడ మీద పూస్తే ఆ గోడ లోపల్నుంచి తొంగిచూస్తుందని తెలియనివాడు చేతికి బ్రష్షు ఎలా తీసుకుంటాడో. అడిగితే, ఏముంది సార్, చూడ్డానికే కదా అన్నాడు. అవును మరి, రంగు చూడ్డానికి కాకపోతే నాకడానికా. టీ తాగొస్తానని వెళ్లి అరగంటయింది. ఆ షేడ్ కార్డొకటి, కుర్చీ మీద పడేసి పోయారు, దాన్నిండా పేర్లు. పాలనురుగట. తొలిపొద్దు గుసగుసట. మేఘాల ముద్దట. మా ల్యాబులో రంగులకి పేర్లుండేవి కావు, నంబర్లే. నంబరు అబద్ధం ఆడదు. గుసగుస అని పేరు పెడితే గోడ మీద అదెలా కనిపించాలో ఎవరు చెప్పగలరు? మా అల్లుడు చెప్పగలడు. ఐదింటికీ ఒక పట్టిక గీశాడు, ప్రశాంతతకి పదికి ఇన్ని మార్కులు, ఉత్సాహానికి ఇన్ని అని. పుట్టిన బిడ్డకి మొదటి కొన్ని నెలలు రంగులు సరిగ్గా ఆనవు అని కూడా వాడే చదివి వినిపించాడు నిన్న భోజనాల దగ్గర. మరెందుకురా ఈ తతంగం అని నోటిదాకా వచ్చింది. మా అమ్మాయి ముఖం చూసి మింగేశాను. ఎనిమిది నెలల కడుపుతో, మోకాళ్ల మీద కూర్చోలేక కూర్చుని, నేల మీద పేపర్లు పరిచింది అది.

చూస్తున్నాను కదా. మొదటిది లేత గులాబి, ఎర్ర చొక్కాతో కలిపి నానబెట్టిన బనీను రంగు. నాలుగోది పసుపు, ఏ ఆస్పత్రి వరండాకో వేసుకోవచ్చు. ఐదోది తెలుపు. ఈ మూడింటి గురించి నాకు బాధ లేదు. బాధంతా రెండూ మూడూ. ఎడమ కన్నుతో చూస్తే ఆ రెండూ ఒకటే. ఒకే డబ్బాలోంచి తీసి రెండుసార్లు పూసినట్టు, ఏదో మట్టి కలిసిన లేత ఆకుపచ్చ. ఎడమ కన్ను మూసి కుడి కన్నుతో చూస్తే రెండోది లేత నీలం, మూడోది లేత ఆకుపచ్చ, మధ్యలో గీత గీసినంత తేడా. మళ్లీ ఎడమ. ఒకటే. మళ్లీ కుడి. రెండు. గంటలో పావు వంతు ఇలా కన్నుకొట్టుకుంటూ గడిచింది; ఈ వయసులో గోడకి కన్నుకొడుతున్నానని ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రి వాళ్లకి ఫోన్ చేస్తారు. కుడి కంటికి నెల క్రితం శుక్లం తీశారు. తీసిన మర్నాటి నుంచీ ఆ కంటికి అన్నీ నీలంగా కనిపిస్తున్నాయి, బాత్రూం గోడ, నా చొక్కాలు, పాలు కూడా. ఆ కుర్ర డాక్టరు నాసిరకం అద్దం పెట్టాడని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాను. డాక్టరుకీ చెప్పాను. వాడు నవ్వి, అద్దానికి రంగు లేదండీ, మీ పాత కంటికే ఉంది అన్నాడు. ఇంత ముదిరేదాకా ఎలా నెట్టుకొచ్చారు, పదేళ్ల నుంచీ పెరుగుతూ ఉండి ఉంటుంది, చివరికొచ్చేసరికి టీనీళ్లలోంచి చూసినట్టు ఉంటుంది అన్నాడు. ముప్పై ఏళ్లు లేవు వాడికి. కన్నుకి కళ్ల గురించి చెబుతున్నాడు. ఎడమ కంటికి చేయించుకోనని వచ్చేశాను.

కాబట్టి తేల్చాల్సింది గది రంగు కాదు. రెండు కళ్లలో అబద్ధం ఏది చెబుతోంది అన్నది. కాగితం ఒకటి పక్కన పెట్టి చూశాను. ఎడమ కంటికి తెల్లగానే ఉంది. కాసేపు చూశాక కుడి కంటికీ తెల్లగానే ఉంది. అదీ మోసం, ప్రతి కన్నూ తన తెలుపే తెలుపంటుంది. అప్పుడు డబ్బాల మూతల వైపు చూశాను. ఐదు చిన్న డబ్బాలు గోడ కింద వరసగా ఉన్నాయి, మూతల మీద కాగితం అంటించి, చేత్తో రాసి ఉంది. పేరు లేదు, నంబరు, దాని కింద ఏ స్టెయినరు ఎన్ని చుక్కలో, స్టెయినరంటే తెల్ల రంగులో కలిపే చిక్కటి ముద్ద. ఈ రోజుల్లో ఎవరు రాస్తున్నారు ఇలా? షాపుల్లో మిషను నొక్కితే బుడుక్కున పడుతుంది, స్టిక్కరు కూడా అదే కక్కుతుంది. వంగి చదివాను. రెండో డబ్బా: నీలం ఆరు, నలుపు ఒకటి. ఆకుపచ్చ లేదు. మూడో డబ్బా: ఆకుపచ్చ ఐదు, పసుపు రెండు. నీలం లేదు. ఇక దీని మీద వాదనకి చోటు లేదు. డాక్టరుతో వాదించొచ్చు, అల్లుడితో వాదించొచ్చు, చుక్కల లెక్కతో నేను కూడా వాదించలేను. నీలం ఆరు చుక్కలు పడ్డ రంగు నీలంగా ఉండాలి. నీలంగా చూస్తున్నది కొత్త కన్ను. పాతది గుడ్డిది. నాలుగేళ్ల క్రితం ఉద్యోగం మానేదాకా నాకున్నవి రెండూ ఆ పాత కళ్లే.

అక్షరం చూడగానే గుర్తుపట్టానని ఒప్పుకోవడానికి ఇంకొంచెం సేపు పట్టింది. మూతల మీది నంబర్లలో ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత. ఒకటని పొరబడకుండా అలా రాయాలని నేనే నేర్పాను. నేర్చుకున్నవాళ్లు ల్యాబులో చాలామందే, కానీ చుక్కల్ని చుక్కలుగా లెక్కపెట్టేది ఒక్కతే, అందుకే దాన్ని చుక్కమ్మ అనేవాళ్లం. ఐదేళ్ల క్రితం వచ్చింది, సన్నగా, పెద్ద కళ్లజోడుతో. కళ్లజోడు పెట్టుకుని రంగుల ల్యాబుకొచ్చావేంటి అని మొదటిరోజే అందరి ముందూ అన్నాను, అందరూ నవ్వారు. నవ్వక చస్తారా, నేనన్నాక. ఆ ఏడే కంపెనీ ఒక మిషను కొంది, రంగు మీద ఆనిస్తే ఎంత తేడా ఉందో అంకెలు చూపించేది. దాని మీద నేను నా తువ్వాలు ఆరేసేవాణ్ణి. చుక్కమ్మ తువ్వాలు తీసి, మడతపెట్టి, నెమ్మదిగా కొలుచుకునేది. దానికి కళ్లున్నాయా, మిషన్నే పెళ్లిచేసుకో, ఇద్దరికీ కళ్లజోడు కొనిస్తాను అన్నానోసారి. అప్పుడూ నవ్వారు. అది నవ్వలేదు. నోట్లో నాలుక లేదనుకునేవాణ్ణి.

పద్నాలుగో నంబరు తెలుపు. మా కంపెనీ పరువంతా ఆ తెలుపు మీదే. ప్రతి ట్యాంకునీ ఒక కార్డుతో పోల్చి చూడాలి, అసలు తెలుపు పూసి బీరువాలో చీకట్లో దాచిన కార్డు. ఆ రోజు కార్డు తీసి చూస్తే పసుపెక్కి ఉంది. నాకలా కనిపించింది. పాతబడింది, పారేయండి అన్నాను. చుక్కమ్మ అంది, ఎక్కలేదు సార్, బాగానే ఉంది అని. నాకు కార్డుతో పనిలేదు, ఆ తెలుపు నా తలలో ఉంది అన్నాను. అని, ట్యాంకులోది చూస్తే అదీ పసుపుగానే ఉంది. నీలం వెయ్యి అన్నాను. వేసింది. ఇంకా అన్నాను. మిషను చాలంటోంది సార్ అంది. ఇంకా అన్నాను. మా ల్యాబులో ఒక పద్ధతి ఉండేది, చూసేవాడు నోటితో చెబుతాడు, పోసేవాళ్లు పుస్తకంలో రాస్తారు. ముప్పై ఏళ్లుగా అంతే. నా మాటకి కాగితం ఎందుకు, నేను కన్నుని. తలలోని తెలుపు వచ్చేదాకా పోయించాను, చివరికి వచ్చింది కూడా; ఎంత హాయిగా ఉందో ఆ తెల్లదనం. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, ఐదో చదరాన్ని ఎడమ కన్నుతో చూసి, ఇందులో నీలం పడాలి అనుకున్నాను. అనుకున్నానని తెలిసి ఆ కన్ను మూసేశాను. చెయ్యి తిరిగిన పనివాడికి చెయ్యి అలవాటుగా పోతుంది. అది మూర్ఖంగా పోతున్నా పోతుంది.

ఒక బడికి వెళ్లింది ఆ ట్యాంకు. కింద రెండంతస్తులకి పాత తెలుపు, పై అంతస్తుకి మాది. పై అంతస్తు నీలిమందులో ముంచి ఆరేసినట్టుందని వాళ్లు ఫోటోలు పంపారు. ఫోటోలు చూసి నాకేం కనిపించలేదు, వాళ్లకి పని లేదన్నాను. మేనేజరు మిషను పెట్టి కొలిపించాడు. అంకెలు చూసి నా వైపు చూశాడు. పుస్తకం తెరిచాడు. నీలం పోసినట్టు చుక్కమ్మ రాత, చుక్కమ్మ సంతకం. ఎవరు పొయ్యమన్నారు అని అడిగాడు. మీరు చెప్పండి సార్ అన్నట్టు అది నా వైపు చూసింది. వేడుకున్నట్టు కూడా కాదు, ట్యాంకు ముందు నిలబడి ఎన్ని చుక్కలు అని అడిగినప్పుడు చూసినట్టే చూసింది. నేను చెప్పినదానికంటే ఎక్కువ పోసింది, దీనికి చెయ్యి నిలకడ లేదు, మొదట్నుంచీ చెబుతున్నాను అన్నాను. అబద్ధమని నాకు తెలుసు. కానీ అబద్ధమని తెలిసి కూడా నిజంలాగే చెప్పాను, ఎందుకంటే నా కన్ను తప్పని అనుకోవడానికి వీలే లేదు, అది కాకపోతే ఇంకెక్కడో తప్పుండి తీరాలి, ఆ ఇంకెక్కడో అన్నది చుక్కమ్మ. వారంలో తీసేశారు. వెళ్లేరోజు అందరికీ చెప్పి, నా బల్ల దగ్గరికి వచ్చి, నిలబడి, ఏమీ అనకుండా పోయింది. పొగరు అనుకున్నాను. సిగ్గు లేకపోతే సరి.

తర్వాత అది బస్టాండు వీధిలో పెయింటు షాపులో రంగులు కలుపుతోందని ఎవరో చెప్పారు. సరైన చోటే ఉంది అన్నాను. అని, ఆ వీధిలోకి మళ్లీ అడుగు పెట్టలేదు. మందుల షాపుకి కూడా చుట్టు తిరిగి వెళతాను, కాళ్లకి నడక మంచిదని ఇంట్లో చెబుతాను. ఇది మా ఆవిడకి కూడా తెలియదు. మా ఆవిడకి తెలియనివేమీ ఉండవు, చెప్పదంతే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంటికి ఒక్క కర్టెను కూడా తన ఇష్టంతో కొనలేదు, నేనున్నానుగా. పదేళ్లు అడిగింది, తర్వాత అడగడం మానేసింది, నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. పోయిన వారం కుడి కంటితో మా గది కర్టెన్లు చూశాను. బూడిద రంగని కొన్నాను. ఊదా రంగు. ఆరేళ్లుగా ఆవిడ ఆ ఊదా రంగు తీస్తూ వేస్తూ ఉంది. మొన్న మా అమ్మాయి ఈ డబ్బాలు తెచ్చినప్పుడు చెప్పింది, ఆ షాపామెకి ఎంత ఓపికో నాన్నా, మిషను పాడయిందని ఐదూ చేత్తో కలిపింది, మీ నాన్నగారేం చేసేవారని అడిగింది, చెప్పాను, అయితే రంగు ఆయన్నే చూడమనండి అంది అని. ఎగతాళి అనుకున్నాను అప్పుడు. ఇప్పుడేమనుకోవాలో తెలియడం లేదు. రంగు కలపడం దాని పని, చూడమనడం మర్యాద, అంతే అయ్యుండొచ్చు. మర్యాదగా ఉండేవాళ్లంటే నాకెప్పుడూ చులకనే, వాళ్లకి ఇంకేం చేతకాదని.

అలారం మోగింది. ఆరింది, చూడక్కర్లేదు, వాసనే చెబుతుంది. నేను చేయాల్సింది చాలా తేలిక. మూడోది అంటే చాలు. ఎందుకంటే అడిగితే నాలుగు మాటలు చెబుతాను, పొద్దుటి వెలుతురు, ఉత్తరం కిటికీ అని, అల్లుడు తెల్లముఖం వేసుకుని రాసుకుంటాడు, పట్టికలో మార్కులు దిద్దుకుంటాడు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ గదిలో ఒక బిడ్డ పెరుగుతుంది, తాతయ్య ఎంచిన రంగు అని చెప్పుకుంటారు. అమ్మాయి ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని వచ్చింది, రెండో చేతిలో ఫోను. షాపామె లైన్లో ఉందనీ, సాయంత్రానికి డబ్బా కలిపి పంపుతుందనీ, ఏ రంగో చెప్పెయ్యమనీ అంది. ఫోను ఇలా ఇవ్వు అన్నాను. ఎప్పుడూ లేంది నేను చెయ్యి చాచేసరికి ఇచ్చేసింది. కన్నుని మాట్లాడుతున్నాను అందామనుకున్నాను. ల్యాబు నుంచి అన్నాను, ల్యాబు ఎప్పుడో వదిలేసినవాణ్ణి.

"చెప్పండి సార్," అంది. గొంతు అప్పటిలాగే ఉంది.

"ఆ తెలుపులో నీలం పొయ్యమన్నది నేను. మేనేజరు దగ్గర అబద్ధం చెప్పాను."

"అది నాకు తెలుసు కదా సార్. అక్కడే ఉన్నాను."

అమ్మాయి నా వైపు చూస్తోంది. గోడ వైపు తిరిగాను. అది కాదమ్మా, నా కళ్లు అప్పటికే పాడయ్యాయి, ఆ కార్డు బాగానే ఉంది, నువ్వు చెప్పింది నిజం, నాకు ఇవాళే తెలిసింది అన్నాను. అవతల డబ్బా మూత ఏదో కొట్టి బిగిస్తున్న చప్పుడు, ఎవరితోనో ఒక్క నిమిషం అనడం వినిపించింది.

"మీ కళ్ల సంగతి ల్యాబులో అందరికీ తెలుసు సార్. మీరు నీలం ఫైలు అడిగితే ఆకుపచ్చది కూడా తెచ్చి పక్కన పెట్టేవాళ్లం, ఏది తీసుకున్నా సరిపోతుందని. రెండేళ్లు అలాగే చేశారట, నేను రాకముందు నుంచీ. మీకు చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. చెప్పకూడదని నాకే తెలియక కార్డు బాగుందని చెప్పాను." మళ్లీ మూత కొట్టిన చప్పుడు. "షాపులో మనుషులు నిలబడి ఉన్నారు సార్. ఏ నంబరు కలపమంటారు?"

ఫైళ్లు గుర్తొచ్చాయి. రెండు రెండు తెచ్చి పెడుతుంటే, ఒక్క పని సరిగ్గా చేతకాని దద్దమ్మలు అని తిట్టేవాణ్ణి వాళ్లని. వాళ్లు తలొంచుకుని నిలబడేవాళ్లు. మూడు అన్న మాట ఇంకా నాలుక మీదే ఉంది. ఫోను అమ్మాయి చేతిలో పెట్టాను. ఏమయింది నాన్నా, ఏం చెప్పమంటావు అని అడిగింది. ఆమెనే అడుగమ్మా, పసిపిల్లల గదికి ఏది బాగుంటుందో, ఆమె ఏది చెబితే అది వేయించు అన్నాను.